ఆరు ఇసుక బస్తాలు

నేను చేసిన తప్పు చెప్పుకోడానికి పెద్దదేమీ కాదు. ఆరు ఇసుక బస్తాల్ని ఒక పడవలో వెనక సీటు మీంచి తీసి ముందు సీటు మీద పెట్టాను. పది నిమిషాల పని. నడుం కూడా పట్టలేదు. ఆ వేసవిలో మా అక్క ఇంట్లో జరిగినవన్నీ ఆ పది నిమిషాల్లోంచి వచ్చినవే.

నా ఉద్యోగం చాలామందికి నవ్వులాట. పడవల పత్రికలో పనిచేస్తాను. నెలకి రెండో మూడో మోటారు పడవలు నడిపి చూసి, అవి కొనొచ్చో కొనకూడదో రాస్తాను. నీళ్ళ మీద షికారు చేసినందుకు జీతమిస్తారట వీడికి, అని మావాళ్ళ వేళాకోళం. మా బావ అయితే నాకు పడవల పండితుడని పేరే పెట్టేశాడు. పైకి విసుక్కునేవాణ్ణి గానీ, ఆ పేరంటే నాకు లోలోపల ఇష్టంగానే ఉండేది.

ఆ ఏడాది నేనొక వాదం భుజానికెత్తుకున్నాను. పడవ షికారు డబ్బున్నవాళ్ళ సొత్తు కాదు, వారమంతా కొట్టులోనో ఆఫీసులోనో నడుం వంచి ఆదివారం ఒక్కపూట నీళ్ళ మీద తిరగాలనుకునేవాడికి చవక పడవ చాలు, అని. ఆ రంగంలో తలపండినవాళ్ళు ఉత్తరాలు రాసి తిట్టారు. చవక పడవకి వెనక గోడ పొట్టిగా ఉంటుంది, నీళ్ళు తోడే పంపు బొమ్మ పంపులా ఉంటుంది, నడపడం వచ్చినవాడు ఏ పడవనైనా నడుపుతాడు, రానివాడికే గట్టి పడవ కావాలి, అన్నారు. నేను ఊరుకుంటానా? ఒక్కొక్కరికీ రెండేసి పేజీలు జవాబు రాశాను. వేసవి సంచికలో ఒక చవక పడవని నిండు బరువుతో నడిపి చూపించి వీళ్ళందరి నోళ్ళూ మూయిస్తానని ప్రకటించాను కూడా.

మా పత్రికలో పరీక్షకి ఒక పద్ధతుంది. ఆరుగురు పట్టే పడవ అని కంపెనీ చెబితే, ఆరుగుర్ని ఎక్కించుకుని తిరగం. నడిపేవాడు పోగా మిగిలిన ఐదుగురికీ మనిషికి మూడు చొప్పున ఇసుక బస్తాలు వేస్తాం. ఎక్కడ సీటుందో అక్కడ బస్తా పెట్టాలి. వేగం చూస్తాం, మలుపు చూస్తాం, చివరికి హఠాత్తుగా ఆపి చూస్తాం. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే ఆదివారం పడవవాళ్ళు చేసే పని అదే. జోరుగా పోతూ పోతూ, టోపీ ఎగిరిపోయిందనో ఫొటో తీసుకుందామనో ఉన్నట్టుండి ఇంజను తగ్గించేస్తారు. పడవ ఆగుతుంది గానీ అది లేపిన అల ఆగదు. వెనకాలే వచ్చి వెనక గోడని కొడుతుంది. అక్కడ గోడ పొట్టిదై, బరువు కూడా అక్కడే ఉంటే, నీళ్ళు తిన్నగా లోపలికొస్తాయి.

ఆ చవక పడవని పరీక్షించిన రోజు ఫొటోగ్రాఫరు పొద్దున్నే ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. సరస్సు మీద నేనొక్కణ్ణే, పదిహేను బస్తాలూను. వేగం బాగుంది. మలుపు బాగుంది. చూడ్డానికి కూడా ముచ్చటైన పడవ, తెల్లటి ఒళ్ళు, నీలం గీత. హఠాత్తుగా ఆపాను. అల వచ్చి వెనక గోడ మీంచి నింపాదిగా దిగి నా చీలమండల దాకా నిలబడింది. పంపు వేస్తే అది పిల్లి పాలు తాగినట్టు కొంచెం కొంచెం తోడింది. ఇంకోసారి చూశాను. మూడోసారీ అంతే.

ఇంజను ఆపేసి ఎండలో కూర్చున్నాను. ముఖచిత్రం అప్పటికే అచ్చుకి వెళ్ళింది, ఈ పడవదే. నా జవాబులన్నీ పోయిన సంచికల్లో నల్లటి అక్షరాల్లో ఉన్నాయి. అవన్నీ మింగాలి. లేచి, వెనక సీటు మీది తొమ్మిది బస్తాల్లో ఆరింటిని ముందుకి మోశాను. అంటే ఇద్దరు మనుషుల్ని వెనక సీటు మీంచి లేపి ముందు కూర్చోబెట్టాను. బస్తాలు గనక మారుమాట్లాడకుండా కూర్చున్నాయి. మళ్ళీ జోరుగా పోనిచ్చి ఆపాను. లోపలికి చుక్క రాలేదు.

"మేము నిండు బరువుతో హఠాత్తుగా ఆపినా చుక్క నీరు లోపలికి రాలేదు" అని రాశాను. ఈ వాక్యంలో అబద్ధం ఎక్కడుందో చూపించమంటే ఎవరూ చూపించలేరు. అందుకే అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాను.

*

మా బావకి సీటు కవర్ల కొట్టు. కార్ల సీట్లు, సోఫాలు, ఆఫీసు కుర్చీలు, ఏదైనా సరే. కొలిచి కత్తిరించేది ఆయన, కుట్టేది వాళ్ళమ్మ. అత్తయ్యగారికి అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. మిషనుంది గానీ, అంచుల్లో తాడు పెట్టి వేసే కుట్టు మాత్రం ఆవిడ చేత్తోనే వేసేది. ఆవిడ కుట్టిన అంచు, సీటు చిరిగి పీలికలైనా ఊడేది కాదు. మొగుడు పోయాక ఆ సూదితోనే కొడుకుని పెంచింది. కొట్టుకి వచ్చినవాళ్ళు బావని చూసి, "అమ్మగారు లేరా?" అని అడిగేవాళ్ళు.

నేను ఒంటరివాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం భోజనం అక్క ఇంట్లోనే. వేసవి సంచిక వచ్చిన ఆదివారం నేను వెళ్ళేసరికి బావ నా వ్యాసాన్ని గట్టిగా చదివి వినిపిస్తున్నాడు.

"రావోయ్ పండితుడా! ఇది నువ్వు రాసిందేనా, ఎవరిచేతైనా రాయించావా?"

"నేనే రాశాను బావా."

"'చుక్క నీరు లోపలికి రాలేదు.' విన్నావా అమ్మా? ఆపినా రాలేదట, చుక్క!"

"నాకెందుకురా ఆ నీళ్ళ గొడవ," అంది అత్తయ్యగారు సూదిలోకి దారం ఎక్కిస్తూ. "నేలమీద పుట్టినవాళ్ళకి నేల చాలదూ?"

"ముప్ఫై ఏళ్ళ నుంచి సీట్లు చేస్తున్నాం కదమ్మా. ఊళ్ళోవాళ్ళందరూ ఎక్కి ఊరేగే సీట్లు. మనం ఎక్కి ఊరేగింది ఒక్కటుందా?"

ఆవిడ నవ్వింది. వంటింట్లోంచి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నువ్వు చెప్పరా. నిజంగా మాలాంటివాళ్ళు నడపగలరా దాన్ని? ఈయనకి స్కూటరుకి స్టాండు వెయ్యడమే సరిగ్గా రాదు."

అప్పుడు చెప్పొచ్చు. వద్దు బావా, దానికి వెనక గోడ తక్కువ, ఇంకోటి చూద్దాం, అంటే సరిపోయేది. అంటే ఏం పోతుంది? పండితుడన్న పేరు పోతుంది. అంతకు మించి పోయేదేమీ లేదు.

"నేర్చుకుంటే ఎవరైనా నడపొచ్చక్కా," అన్నాను. "రెండు రోజుల పని."

"ఇంకేం! పండితుడు చెప్పాక తిరుగుందా?" అన్నాడు బావ, నా వీపు మీద ఒక్కటి చరిచి.

రెండు వారాల్లో పడవ వచ్చింది. దానికి కంపెనీవాళ్ళిచ్చిన వెనక సీటు చెక్కలా ఉందని బావ దాన్ని ఊడదీశాడు. మంచి దళసరి స్పాంజి తెచ్చి, ముదురెరుపు రెక్సిన్ కత్తిరించాడు. నేల చాలదా అన్న అత్తయ్యగారే పది రోజులు కూర్చుని దానికి అంచు కుట్టింది. కుట్టడం అయ్యాక దాన్ని కొట్టు ముందు బల్ల మీద పెట్టారు. దారిన పోయేవాళ్ళు ఆగి, వేలితో నొక్కి చూసి పోయేవాళ్ళు. "రాజుగారి కుర్చీకి కూడా ఇంత కుట్టు పడి ఉండదు," అన్నాడు పక్క కొట్టు తాళాలాయన. ముందు సీట్లకి బట్ట చాలలేదు, వాటిని అలాగే వదిలేశారు.

*

మొదటిసారి అందరూ కలిసి వెళ్ళిన రోజు గాలి లేదు. సరస్సు పళ్ళెంలో పోసినట్టుంది. బావ, అక్క, అత్తయ్యగారు, తాళాలాయన, ఆయన భార్య. అంతకు ముందు బావ ఒక్కడే నాలుగైదు సార్లు నడుపుకుని చెయ్యి అలవాటు చేసుకున్నాడు. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, ఒక్కొక్కరి బకిలూ తనే బిగించాడు. అదీ నా వ్యాసంలోదే. నేను రాసినదాంట్లో వాళ్ళకి పనికొచ్చింది అదొక్కటే.

"నువ్వూ ఎక్కు పండితుడా, ఆరుగురు పడతారు!"

"నేను ఒడ్డు మీంచి వీడియో తీస్తాను బావా. మీరందరూ బాగా పడతారు."

నేనెందుకు ఎక్కలేదో నాకు తెలుసు. పడవ ఎక్కగానే ఆడవాళ్ళు ముగ్గురూ తిన్నగా వెళ్ళి ఆ ఎర్ర సీటు మీద కూర్చున్నారు. తాళాలాయన వాళ్ళ పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముందు సీట్లు రెండూ ఖాళీ. అత్తయ్యగారు తను కుట్టిన అంచు మీద అరచెయ్యి ఆనించుకుని, ఎవరో చూస్తున్నారన్నట్టు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. ఇద్దరు ముందుకి రండమ్మా, అని ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను కూడా. అంటే బావ, "ఎందుకూ?" అంటాడు. ఎందుకో చెప్పాలి. నోరు మూసుకుని ఫోను తీశాను.

రెండు చుట్లు తిరిగారు. మొదటి చుట్టులో కళ్ళు మూసుకున్న అత్తయ్యగారు రెండో చుట్టులో నాకు చెయ్యి ఊపింది. మూడో చుట్టులో పడవ ఒడ్డుకి దగ్గరగా, బాగా జోరుగా వచ్చింది.

"తీస్తున్నావా?" అని అరిచాడు బావ.

"తీస్తున్నా!"

"అమ్మా, చూడు, ఇప్పుడు ఆపుతాను. చుక్క నీరు రాదు, చూడు!"

"వద్దురా," అందావిడ. వీడియోలో అది స్పష్టంగా వినపడుతుంది.

బావ ఆపాడు. అల వచ్చింది. హడావుడేమీ లేకుండా వెనక గోడ దాటి, ఆ ఎర్ర సీటు మీదుగా, వాళ్ళ ఒళ్ళోకి దిగింది. తాళాలాయన భార్య లేవబోయి వెనక్కే పడింది. ఇంకో అల వచ్చింది. నిమిషం తిరక్కుండా పడవ వెనక భాగం నీళ్ళలో ఉంది, ముందు భాగం గాల్లో ఉంది, మనుషులు చుట్టూ తేలుతున్నారు. జాకెట్లున్నాయి గనక ఎవరూ మునగలేదు. దగ్గర్లో వలవేస్తున్నవాళ్ళు తమ పడవ వేసుకుని వచ్చారు. అత్తయ్యగారు భయంతో మా పడవ అంచుని కుడిచేత్తో పట్టుకుని వదల్లేదు. వాళ్ళ పడవ వచ్చి దీనికి తగిలినప్పుడు ఆ చెయ్యి రెండిటి మధ్య ఉంది.

ఆ వీడియో నలభై సెకన్లు ఉంటుంది. చివర్లో నా గొంతు వినపడుతుంది. ఇంకా మొదటి అల కూడా తగలక ముందే, బావ ఇంజను తగ్గించిన క్షణంలోనే, "ముందుకి రండి! అందరూ ముందుకి రండి!" అని అరుస్తున్నాను. తర్వాత ఆ వీడియో అందరూ చూశారు. ఒడ్డున ఉన్నవాడు కంగారులో అరిచాడనుకున్నారు.

*

ఆస్పత్రి వరండాలో బావ ఎవరిదో దుప్పటి కప్పుకుని బెంచీ మీద కూర్చున్నాడు. కింద నీళ్ళు కారి మడుగైంది. లోపల అత్తయ్యగారి చేతికి ఆపరేషను. అక్క గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"పండితుడా," అన్నాడు. ఆ పేరుతో అప్పుడు మాత్రం వేళాకోళానికి కాదు, నిజంగానే పిలిచాడు. "నువ్వు ఆపితే రాలేదు. నేను ఆపితే వచ్చింది. నేనేం తప్పు చేశానో చెప్పు."

కోపంగా అడిగి ఉంటే ఏమనేవాణ్ణో తెలీదు. ఆయన కోపంగా అడగలేదు. బడిలో లెక్క తప్పినవాడు మాస్టార్ని అడిగినట్టు అడిగాడు.

"బరువంతా వెనకే ఉండిపోయింది బావా," అన్నాను. "ఆ సీటు మెత్తగా ఉందని అందరూ అక్కడే కూర్చున్నారు. మేము పరీక్ష చేసినప్పుడు బరువు సమంగా సర్దాం."

"అంటే, ముందు కూర్చోబెట్టాలా?"

"ఆఁ. ఇద్దర్ని."

"నాకు తెలీలేదు," అన్నాడు. "నేనే చేసి పెట్టాను ఆ సీటు."

అక్క విన్నది. మొగుడి వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఊపిరి తేలిగ్గా ఆడింది. ఆ మాట దాచుకోను. అత్తయ్యగారి చేతిలో ఎముకలు అతుకుతున్నారు, బావ చలికి వణుకుతున్నాడు, నాకు మాత్రం గండం గడిచినంత హాయిగా ఉంది.

*

చెయ్యి అతికింది గానీ మూడు వేళ్ళు వంగలేదు. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. వాటితో చెంచా పట్టుకోవచ్చు, సూది పట్టుకోలేం.

అత్తయ్యగారు ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. కొడుకుతో మాట్లాడటం మానేసింది. బావ ఎదురుగా నిలబడి ఉండగానే, "అమ్మాయ్, మందులైపోయాయని మీ ఆయనకి చెప్పు," అనేది. ఆయన విని, అక్క చెప్పేదాకా ఆగి, అప్పుడు వెళ్ళి తెచ్చేవాడు. ఆవిడ గదిలో అడుగు పెట్టేవాడు కాదు, గుమ్మంలో నిలబడేవాడు. పడవ నడిపినందుకు కాదు. వద్దురా అన్నా వినకుండా, తల్లి ప్రాణంతో గొప్పలకి పోయాడని ఆవిడ బాధ.

నేను ఆదివారం ఆదివారం వెళుతూనే ఉన్నాను. మానేస్తే అనుమానం వస్తుందేమోనని మొదట్లో, తర్వాత అలవాటుగా. తేలు కుట్టిన దొంగలా కూర్చుని పెట్టింది తిని, "అయిందేదో అయింది" అని అందరికీ నచ్చజెప్పి వచ్చేవాణ్ణి. ఒకరోజు అత్తయ్యగారు నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు తెలిసినవాడివి కదా బాబూ. ముందు కూర్చోబెట్టాలని వాడికి ఆ రోజే చెప్పుండాల్సింది."

"చెప్పాల్సింది అత్తయ్యగారూ."

"పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు? చెబితే వినేవాడా వాడు?" అని ఎడమచేత్తో నా చెయ్యి నిమిరింది. ఆ చేతిని విదిలించుకుని పారిపోవాలనిపించింది. కూర్చున్నాను.

కొట్టుకి కూడా వెళ్ళేవాణ్ణి అప్పుడప్పుడూ. బావ అంచులు తనే కుట్టడానికి చూస్తున్నాడు. కత్తెర పట్టిన చెయ్యి సూదికి లొంగదు. తాడు ఒకచోట పొంగేది, ఒకచోట జారేది. విప్పి మళ్ళీ కుట్టేవాడు. అలవాటుగా వచ్చినవాళ్ళు అలవాటుగా అడిగేవాళ్ళు, "అమ్మగారు లేరా?" అని.

"అమ్మ చెయ్యి పోయింది సార్," అనేవాడు బావ తల ఎత్తకుండా. "నా వల్లే. పడవ నడపడం రాక."

వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. అడగనివాడికి కూడా చెప్పేవాడు. "అలా అందరికీ ఎందుకు బావా?" అంటే, "నిజమేగా," అన్నాడు.

*

వానలు మొదలయ్యే రోజుల్లో ఆఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన లెక్కల మాస్టారు. నా వ్యాసం చదివి అదే పడవ కొన్నారట. భార్య, ఇద్దరు స్నేహితులు వెనక కూర్చున్నారట. ఆపగానే నీళ్ళొచ్చాయట. ఒడ్డు పక్కనే గనక నడుము లోతు నీళ్ళలో నడిచి బయటపడ్డారట. అంతా మర్యాదగా రాసి, చివర్లో, "మేము చేసిన పొరపాటు ఏమిటో దయచేసి తెలుపగలరు" అని అడిగారు.

మా ఎడిటరుగారు చదివి ఉత్తరం నా బల్ల మీద పెట్టింది. "బరువు సమంగా సర్దుకోండని రెండు ముక్కలు రాసి పంపించెయ్యి," అంది.

కాగితం తీసుకున్నాను. "మేము పరీక్షించినప్పుడు" అని మొదలుపెట్టాను. అక్కడే ఆగిపోయాను. ఆ మాస్టారి బదులు దుప్పటి కప్పుకున్న బావ కనిపించాడు. ఎంతమంది కొన్నారో నాకు తెలీదు. అందరూ నా తప్పుకి తమని తామే తిట్టుకుంటూ, మొగుళ్ళని పెళ్ళాలు, పెళ్ళాల్ని మొగుళ్ళు దెప్పుకుంటూ ఉంటారు. ఇంకో సరస్సులో ఇంకెవరి చెయ్యో ఇంకా అంచు పట్టుకునే ఉంటుంది. లేచి వెళ్ళి ఎడిటరుగారికి చెప్పేశాను.

"ఇప్పుడా చెప్పేది?" అంది. ఆ సాయంత్రమే కంపెనీకి రాసింది, మాస్టారికి తనే రాసింది. వచ్చే సంచికలో సవరణ వేస్తామంది, అందులో నా పేరు ఉంటుందంది. ఇకమీద నేను పడవల గురించి రాయక్కర్లేదని కూడా అంది.

సంచిక గురువారం వస్తుంది. నేను మంగళవారం బావ కొట్టుకి వెళ్ళాను. ధైర్యం వచ్చి కాదు. అచ్చులో చూసి తెలుసుకుంటాడన్న భయంతో.

బావ కుర్చీ ఒకటి తిరగేసి పాత మేకులు పీకుతున్నాడు. చెప్పాను. పీకుతూనే విన్నాడు. నేను ఆపాక కూడా ఇంకో రెండు మేకులు పీకాడు.

"ఎన్ని బస్తాలు?"

"ఆరు."

"జరపకముందు నీళ్ళు ఎంత దాకా వచ్చాయి?"

"చీలమండల దాకా."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు చూశాను."

ఆయన పట్కారు బల్ల మీద పెట్టాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. లేచి, పట్టపగలు షట్టరు దించి తాళం వేశాడు. "పద," అన్నాడు.

"ఎక్కడికి బావా?"

"నాతో చెప్తే ఏం లాభం? అమ్మతో చెప్పు."

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్యగారు కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని, డాక్టరిచ్చిన రబ్బరు బంతిని నొక్కే ప్రయత్నం చేస్తోంది. అక్క బట్టలు మడతపెడుతోంది. బావ ఎప్పట్లాగే గుమ్మంలో ఆగిపోయి, నన్ను లోపలికి వెళ్ళమని చేత్తో చూపించాడు.

నిలబడే చెప్పాను. పత్రిక సంగతి, ఉత్తరాల సంగతి, చవక పడవ సంగతి. "మేము మొదటిసారి ఆపినప్పుడు నీళ్ళొచ్చాయి అత్తయ్యగారూ. అప్పుడు బస్తాలు ముందుకి జరిపి చూశాం..."

"మేమెవరు?" అన్నాడు గుమ్మంలోంచి బావ. "ఇంకెవరున్నారు నీతో?"

"ఎవరూ లేరు."

"అయితే అలా చెప్పు."

"నేను జరిపాను," అన్నాను. "వెనక బరువుంటే నీళ్ళొస్తాయని నాకు తెలుసు. తెలిసి రాయలేదు. ఆ రోజు ఒడ్డున కూడా నాకు తెలుసు. బావ చేసిన తప్పేమీ లేదు. నేను రాసిందే చేశాడు."

అక్క మడతపెడుతున్న బట్టని అలాగే పక్కన పెట్టేసింది. అత్తయ్యగారు నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. అడుగుతుందని జవాబులు కూడా తయారు చేసుకుని వచ్చాను, సిగ్గులేనివాణ్ణి. ఆవిడ నన్ను దాటి గుమ్మం వైపు చూసింది.

"ఎంతసేపలా నిలబడతావురా?" అంది కొడుకుతో. "కాళ్ళు లాగట్లేదూ? ఇలా వచ్చి కూర్చో."

పడవ మునిగిన రోజు తర్వాత ఆవిడ కొడుకుతో అన్న మొదటి మాట అది. యాభై ఏళ్ళ మనిషి, చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి గదిలోకి వచ్చి, మంచం పట్టె మీద కాదు, కింద నేల మీద కూర్చున్నాడు. ఆవిడ కుడిచెయ్యి ఆయన తలమీద వేసింది. వేళ్ళు వంగక చెయ్యి చెక్కలా ఆనింది. బావ భుజాలు కదలడం చూసి నేను తల తిప్పుకున్నాను.

నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపుండి బయటికి వచ్చాను. గేటు దాకా వచ్చాక వెనక అడుగుల చప్పుడైంది. అక్క. తిడుతుందనుకుని ఆగాను. తిట్టించుకోడానికే ఆగాను.

"అక్కా..." అన్నాను.

"రోజూ అన్నాన్రా ఆయన్ని," అంది. గొంతు పెంచలేదు. "పడుకోబోయే ముందు రోజూ అన్నాను. మీ అమ్మ చెయ్యి మీరే తీసేశారని. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు."

నేనేదో అనబోయాను.

"నువ్వు ఆయన పక్కనే కూర్చుని తిన్నావు," అంది. "నాచేత అనిపించి."

లోపల అత్తయ్యగారు ఎవర్నో పిలిచింది. అక్క తిరిగి వెళ్ళిపోయింది. పిలిచింది అక్కని కాదు, బావని. నేను గేటు లాగి, గడియ వేసి వచ్చేశాను.